మా మూల మీద షాపుకు 30 ఏళ్లు ఆలస్యంగా ఒక రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, అయిదుకు నాలుగు స్టార్లు. తగ్గించిన ఆ ఒక్కటి ఎందుకో కింద ఎక్కడో ఉంది, తొందరున్నవాళ్లు అక్కడికే వెళ్లిపోవచ్చు. షాపు పేరు మాత్రం రాయను. రాసినా పెద్ద లాభం లేదు. బోర్డు మీద దేవుడి పేరు, దాని కింద కిరాణం అండ్ జనరల్ స్టోర్స్ అని ఉంటుంది గానీ ఇన్నేళ్లలో ఆ పేరుతో పిలిచిన మనిషిని నేను చూడలేదు. హైదరాబాద్ వనస్థలిపురంలో మా కాలనీకొచ్చి ఎవరిని అడిగినా 'మూల మీద షాపు' అనే అంటారు. కొరియర్ వాళ్లకు, ఆటోవాళ్లకు, ఇస్త్రీ బట్టలు తెచ్చే పిల్లాడికి, పెళ్లి కార్డు పట్టుకొచ్చే చుట్టాలకు, అందరికీ అదే అడ్రస్. "మూల మీద షాపు దగ్గరికొచ్చి ఫోన్ చెయ్యండి", అంతే.

ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, పోయిన నెల అమ్మకు మోకాలి ఆపరేషన్ అయింది. నేనుండేది మియాపూర్‌లో, అంటే మెట్రో రెడ్ లైన్‌కు ఆ చివర. అమ్మ ఇల్లు ఈ చివర కూడా దాటాక, ఎల్బీనగర్‌లో దిగి మళ్లీ ఆటో పట్టుకోవాలి. రోజూ తిరగడం కుదరదని ఆఫీసులో వర్క్ ఫ్రం హోం అడుక్కుని 18 రోజులు అక్కడే ఉన్నా. ఆ 18 రోజుల్లో మూల మీద షాపుకు ఎన్నిసార్లు వెళ్లానో లెక్కపెట్టలేదు గానీ రోజుకు మూడుసార్లకు తక్కువ లేదు. చిన్నప్పుడైతే రోజుకు అయిదుసార్లు పంపేవాళ్లు. కాబట్టి ఈ షాపు గురించి మాట్లాడే హక్కు నాకు కొంచెం ఎక్కువే ఉందనుకుంటున్నా.

మేం ఇక్కడికొచ్చింది 1991లో. నాకు ఏడేళ్లు. అప్పుడిది సిటీ కాదు. ఉత్తరాల మీద రంగారెడ్డి జిల్లా అని రాసేవాళ్లం, ఎల్బీనగర్ మున్సిపాలిటీకి ఇంటి పన్ను కట్టేవాళ్లం, కోఠీకి బస్సెక్కుతూ 'సిటీకి పోయొస్తాం' అని పక్కింటివాళ్లకు చెప్పి తాళం చెవి ఇచ్చి వెళ్లేవాళ్లం. 2007 ఏప్రిల్‌లో చుట్టూ ఉన్న 12 మున్సిపాలిటీలను కలిపి జీహెచ్ఎంసీ (గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ) చేసేదాకా కాగితాల మీద మేం హైదరాబాద్ వాళ్లమే కాదు. కాలనీలో సగం ప్లాట్లలో హద్దురాళ్లు, సర్కారు తుమ్మ. రాత్రిపూట మేడ మీద పడుకుంటే విజయవాడ హైవే మీద లారీల చప్పుడు వినపడేది (అప్పుడది తొమ్మిదో నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు 65). దగ్గర్లోనే మహావీర్ హరిణ వనస్థలి, కృష్ణజింకల పార్కు. 1994లో దాన్ని జాతీయ పార్కు చేశారని స్కూల్లో గొప్పగా చెప్పి ఎక్స్‌కర్షన్‌కు తీసుకెళ్తే ఒక్క జింక కనపడలేదు, పులిహోర తినేసి వచ్చాం.

ఇళ్లకు నంబర్లున్నా ఎవరూ వాడేవాళ్లు కాదు. మేం నీలం గేటు. ఎదురింటివాళ్లు కొబ్బరిచెట్టు. వాళ్ల పక్కన కుక్క గేటు, అక్కడ కుక్క ఉన్నది జాగ్రత్త అన్న బోర్డే తప్ప కుక్క ఎప్పుడూ లేదు. మొదటిసారి చక్కెరకని నన్ను షాపుకు పంపినప్పుడు గల్లా పెట్టె వెనకాల కూర్చున్నాయన కళ్లజోడు పైనుంచి చూసి "ఎవరింటి అమ్మాయివి?" అన్నాడు. నాన్న పేరు చెప్పా, తెలియలేదు. ఏ ఆఫీసులో పనిచేస్తారో చెప్పా, తెలియలేదు. "నీలం గేటు" అన్నా. "ఆఁ, అట్ల చెప్పు" అని పొడుగాటి పుస్తకం తీసి, కొత్త పేజీ తిప్పి, పైన 'నీలం గేటు' అని రాసి కింద గీత గీశాడు. ఆ పేజీ మీద మా ఇంటి చరిత్ర ఎంత ఉందో మా బంధువుల దగ్గర కూడా అంత లేదు.

పెద్దవాళ్లు ఆయన్ను సేటూ అనేవాళ్లు, పిల్లలం అంకుల్ అనేవాళ్లం. ఒక్క షట్టర్ షాపు. ముందు చెక్క కౌంటరు, దాని మీద గాజు సీసాల్లో నిమ్మతొనలు, చిత్తూరు న్యూట్రిన్ చాక్లెట్లు, రూపాయి బిస్కెట్లు. కింద గోనెసంచుల్లో పప్పులు, అంచులు చుట్టగా మడిచి. ఓ మూల నూనె డబ్బా, దానికి వేలాడే కొలత గిన్నె, గరాటు. మన సీసా మనమే తీసుకెళ్లాలి. ఖాళీ సీసా పట్టుకుని వెళ్లడం సులువే, నిండు సీసా మెడ దగ్గర జారుతుంటే రెండు చేతులతో పొట్టకు ఆనించుకుని రావడం ఒక విద్య. ఒకసారి కుక్క గేటు ముందు పడేశా. అరకిలో పల్లీనూనె. ఆ మట్టిలో నూనె మరక వానాకాలం దాకా పోలేదు, నా వీపు మీద మరక మాత్రం రెండు రోజుల్లో పోయింది.

పొట్లం కట్టడం గురించి రాయకపోతే ఈ రివ్యూ దండగ. పాత పేపరు చించిన ముక్కల కట్ట ఒకటి ఆయన మోకాలి దగ్గర ఉండేది, మూడు సైజులు. ఒకటి లాగి, ఎడమ అరచేతిలో కోన్‌లా చుట్టి, కింది మొన వెనక్కి విరిచి, తరాజు పళ్లెంలోంచి చక్కెర అందులోకి జారుస్తాడు. ఒక్క గింజ బయట పడదు. పైన మిగిలిన కాగితం చెవులు మూడుసార్లు లోపలికి మడుస్తాడు. నెత్తి మీద దూలానికి చిల్లు రేకు డబ్బా, అందులోంచి పురికొస కిందికి వేలాడుతుంటుంది, దాన్ని అటు రెండు చుట్లు, ఇటు ఒక చుట్టు తిప్పి చూపుడువేలికి మెలిపెట్టి టప్‌మని తెంపుతాడు. ఇదంతా చేస్తున్నంతసేపూ మొహం ఇంకోవైపు, ఇంకెవరితోనో బేరం. ఇంటికెళ్లాక ఆ పొట్లం కాగితం నాది, పురికొస అమ్మది. నేను తెలుగు గడగడా చదవడం నేర్చుకుంది స్కూల్లో కాదు, ఆ ముక్కల మీదే. సగం వార్త ఉండేది. హంతకుడు ఎవరో ఎప్పుడూ చినిగిపోయిన వైపే ఉండేవాడు.

ఇప్పుడు చేదు సంగతులు. ఈ మధ్య పాత కిరాణం షాపుల గురించి ఎవరు రాసినా అందరూ దేవుళ్లన్నట్టే రాస్తున్నారు. మా సేటు దేవుడేమీ కాదు. చిల్లర ఎప్పుడూ ఉండదు, పావలా రావాల్సిన చోట ఒక చాక్లెట్ చేతిలో పెడతాడు, ఆ చాక్లెట్ తిరిగి తీసుకెళ్లి ఇస్తే మాత్రం పావలా కింద తీసుకోడు. బిస్కెట్లకు సబ్బు వాసన, సబ్బుకు అగరుబత్తి వాసన. తూకం సంగతి సరేసరి. అమ్మ స్వయంగా వెళ్లిన రోజు మొదటి మాట "పాసంగం చూపించు సేటూ" అనే. ఆయన నొచ్చుకున్నట్టు మొహం పెట్టి ఖాళీ తరాజు ఎత్తి చూపిస్తాడు, ముల్లు మధ్యలోనే ఉంటుంది. నేను వెళ్లిన రోజు ఎక్కడుండేదో ఆయనకే తెలియాలి, నా ఎత్తుకు కనపడేది కాదు.

అన్నిటికన్నా పెద్ద నేరం, బాకీ పైకి చదవడం. నెలాఖరుకు షాపు నిండా జనం ఉండగా, మా క్లాసు అబ్బాయిలు ఇద్దరు అక్కడే పెన్ను రీఫిల్ కొనుక్కుంటుండగా, "నీలం గేటు, పోయిన నెలది 140 ఉంది, నాన్నకు చెప్పమ్మా" అనేవాడు గట్టిగా. మెల్లగా చెప్పడం ఆయనకు రాదో, అదే వసూలు పద్ధతో. ఒక నెల నాన్నకు జీతం ఆలస్యమైతే నేను నాలుగు రోజులు చుట్టు తిరిగి వెనక వీధిలోంచి స్కూలుకు వెళ్లా. ఉద్దెర ఇచ్చాడు, నిజమే, ఎన్ని నెలలైనా ఆపలేదు, అదీ నిజమే. అయినా ఆ గొంతు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

మరి ఇన్ని వంకలున్న షాపు ఎలా బతికింది? అదే వరసలో దానికన్నా మంచి షాపులు పోయాయి. గంటకు రెండు రూపాయలకు సైకిలు అద్దెకిచ్చే షాపు పోయింది (బ్రేకులుండేవి కావు, కాళ్లే బ్రేకులు). పిండి గిర్నీ పోయింది. వీడియో క్యాసెట్ల షాపు సీడీల షాపై, నెట్ సెంటరై, జిరాక్సై, చివరికి బిర్యానీ పాయింట్ అయింది. జాకెట్లు కుట్టే ఆంటీ పైఅంతస్తుకు మారింది, ఆ తర్వాత ఎటు పోయిందో. నాకు అర్థమైనంతలో మూల మీద షాపు రహస్యం ఒక్కటే, ఏ ఏడాది కాలనీకి ఏది లేదో ఆ ఏడాది అది అమ్మింది.

కరెంటు లేని రోజుల్లో కొవ్వొత్తులు, లాంతరు వత్తులు, ఎవరెడీ బ్యాటరీలు. నీళ్లు లేని రోజుల్లో పటిక. ఇప్పటి పిల్లలకు పటిక అంటే తెలుసో లేదో, ట్యాంకరు నీళ్లు మట్టిరంగులో వచ్చేవి, బిందెలో పటిక ముక్క నాలుగు తిప్పులు తిప్పి పొద్దుటిదాకా వదిలేస్తే మడ్డి అడుక్కి దిగేది. 2004 ప్రాంతంలో నాగార్జునసాగర్ నుంచి కృష్ణా నీళ్లు సాహెబ్‌నగర్ రిజర్వాయర్‌కు వచ్చి, మెల్లగా మా నల్లాల్లోకి కూడా వచ్చాక పటిక సీసా కౌంటరు మీంచి లోపలి అరలోకి వెళ్లిపోయింది. దాని స్థానంలో రీచార్జ్ కార్డుల అట్ట వేలాడింది.

మధ్యలో ఫోను. కాలనీలో ఫోన్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉన్నప్పుడు ఆయన పసుపు రంగు ఎస్టీడీ బోర్డు పెట్టాడు. రాత్రి 11 దాటితే పావు చార్జీ కాబట్టి పదిన్నర నుంచే క్యూ, చలికాలం శాలువాలు కప్పుకుని. మా అందరికీ ఆ షాపు నంబరే పీపీ నంబరు. దరఖాస్తుల్లో, బయోడేటాల్లో అదే రాసేవాళ్లం. ఫోను వస్తే పనికుర్రాడు పరుగెత్తుకొచ్చి గేటు మీద రాయితో కొట్టేవాడు, నీలం రంగు పెచ్చులు లేచింది అక్కడే. అక్కకు కుదిరిన సంబంధం సంగతి మాకన్నా ముందు సేటుకు తెలుసు. పెళ్లివాళ్లు లైన్లో ఉండగా ఆయనే "అమ్మాయి బంగారమండీ, నేను చిన్నప్పటి నుంచి చూస్తున్నా" అని చెప్పేశాడట. అక్కను ఆయన చూసింది వారానికి ఒకసారి, అదీ షాంపూ ప్యాకెట్ కోసం. పొట్లాల పని, నూనె సీసాల పని అంతా నాది.

2006, 2007 నాటికి అందరూ ఇక షాపు మూసేస్తాడనే అన్నారు. రిలయన్స్ ఫ్రెష్ వాళ్లు దేశంలో మొదటి షాపులు 2006లో హైదరాబాద్‌లోనే తెరిచారు. మన ఊళ్లోనే పుట్టిన త్రినేత్ర సూపర్ మార్కెట్లను ఆ మరుసటేడు బిర్లా వాళ్లు కొనేసి మోర్ చేశారు. అమ్మ కూడా మారిపోయింది. నెల సరుకులన్నీ సూపర్ మార్కెట్లో ట్రాలీ తోసుకుంటూ కొనడం, అక్కడ మర్చిపోయిన ఆవాలకు, అగ్గిపెట్టెకు మాత్రం మూల మీద షాపుకు రావడం. సేటుకు కోపమొచ్చింది. రెండు నెలలు అమ్మతో మాట్లాడలేదు, డబ్బులు తీసుకుని చిల్లర కౌంటరు మీద పెట్టేవాడు, చేతికివ్వకుండా. మూడో నెల ఫ్రిజ్ కొన్నాడు. ఆ తర్వాత దోసెల పిండి, పెరుగు, చెక్కిన కొబ్బరి, పూజకు విడి తమలపాకులు, ఒక్క నిమ్మకాయ. ఒక్క నిమ్మకాయ ఏ సూపర్ మార్కెట్ వాడూ ఇవ్వడు, బిల్లింగ్ క్యూలో నిలబడే ఓపిక మనకూ ఉండదు. అమ్మతో మాటలు అక్కడ మళ్లీ కలిశాయి, నిమ్మకాయ దగ్గర.

ఇప్పుడు షాపు నడిపేది కొడుకు. స్కూల్లో నాకు నాలుగేళ్లు జూనియర్, బీకాం చదివాడు, కొన్నాళ్లు ఏదో కంపెనీలో చేసి మానేసి వచ్చేశాడు. నన్ను అక్కా అంటాడు. 2016 నవంబర్ 8న పెద్ద నోట్లు రద్దయినప్పుడు గల్లా అతని చేతికొచ్చి ఇంకా ఏడాదే. మర్నాడు పొద్దున్న షాపు ముందు నిలబడ్డవాళ్లలో సగం మంది చేతిలో 500 నోట్లే. అందరికీ సరుకులిచ్చి పుస్తకంలో రాసుకున్నాడు, పుస్తకం ఎప్పుడూ చూడని అపార్ట్‌మెంట్ కుర్రాళ్లకు కూడా. అందులో నలుగురు ఖాళీ చేసి వెళ్లిపోయారని, డబ్బు రాలేదని నవ్వుతూనే చెప్తాడు గానీ ఫ్లాట్ నంబర్లు ఇప్పటికీ గుర్తు. 2020 లాక్‌డౌన్‌లో షాపు ముందు ముగ్గుపిండితో గుండ్రాలు గీసి, అమ్మలాంటి ఒంటరి పెద్దవాళ్లకు సంచులు గుమ్మం దగ్గర పెట్టి బెల్లు కొట్టి వెళ్లిపోయేవాడు. ఆ అక్టోబర్ 13 రాత్రి కురిసిన వానకు ఎల్బీనగర్, హయత్‌నగర్ వైపు ఎన్నో కాలనీలు మునిగాయి, మా వీధిలోనూ మోకాళ్ల దాకా వచ్చింది. షాపులో కింది రెండు అరలూ పోయాయి. నానిన బియ్యం బస్తాలు లాగి బయటపడేస్తూనే పైఅరలోంచి కొవ్వొత్తులు అందించాడని అమ్మ చెప్పింది. డబ్బులు తీసుకున్నాడా అని అడిగా. "ఎందుకు తీసుకోడు, రాసుకున్నాడు" అంది.

సరే, ఇక ఇప్పటి షాపు. రెండు షట్టర్లు, టైల్స్, లోపలికి వెళ్లి మనమే తీసుకోవచ్చు. ఎలక్ట్రానిక్ కాటా, దానికి ఏడాదికోసారి తూనికలు కొలతల శాఖ ముద్ర వేయించాలి, ఉందో లేదో నేను వంగి చూశా, ఉంది. (అమ్మ కూతుర్ని.) ప్యాక్ చేసిన సరుకులు సూపర్ మార్కెట్ కంటే రూపాయో రెండో ఎక్కువ, విడి సరుకులు మాత్రం ఇక్కడే నయం, నాణ్యతలో మరీను. చింతపండు కొత్తదో పాతదో అడక్కుండానే చెప్తాడు. బియ్యం సంగతి చూడండి. 10 కిలోల బీపీటీ అడిగితే బస్తా మీద చెయ్యి పెట్టి ఆగిపోయాడు. "అక్కా, ఇవి కొత్తవి, అన్నం ముద్దవుతుంది. అమ్మకు పాతవే పడతాయి. ఎల్లుండి వస్తాయి, అప్పటిదాకా రెండు కిలోలు నా ఇంటి డబ్బాలోవి ఇస్తా" అన్నాడు. నా దగ్గర 10 కిలోల డబ్బులు రెడీగా ఉన్నాయి, నాకు కొత్త పాత తేడా కూడా తెలియదు, అమ్మేయొచ్చు. (బీపీటీ అంటే బాపట్ల అని చాలామందికి తెలియదు, అక్కడి పరిశోధన కేంద్రంలో పుట్టిన వరి. ఊరికే చెప్తున్నా.) ఈ ఒక్క ముక్కకే రెండు స్టార్లు ఇచ్చా.

డెలివరీ ఉంది, అరగంట అంటాడు, గంట పడుతుంది. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా కుర్రాడు నిద్రపోతాడు, అప్పుడు ఫోన్ చేసి లాభం లేదు. కొత్తిమీర సాయంత్రానికి వాడిపోయి ఉంటుంది, పొద్దున ఎనిమిదిలోపు వెళ్లండి. రాత్రి ఏడున్నర తర్వాత అతను ఫోన్లో క్రికెట్ చూస్తుంటాడు, ఏమడిగినా "ఆఁ అక్కా, ఉంది అక్కా" అంటాడు, ఉండదు. బిల్లు అడిగితే తప్ప ఇవ్వడు. బండ్లు పెట్టుకోవడానికి చోటు లేదు, మూల మలుపు కావడంతో సాయంత్రం హారన్ల గోల, ఆ గోల మధ్య పేమెంట్ పెట్టె గట్టిగా ఎవరెంత కట్టారో అరుస్తుంటుంది. అప్పుడు బాకీ అరిచేవాళ్లు, ఇప్పుడు కట్టింది అరుస్తున్నారు, కొంత నయమే.

ఆ పోయిన స్టారు ఇదిగో. ఎండన పడి ఫిజియోథెరపిస్టు వస్తే అతనికోసం చల్లటి మజ్జిగ ప్యాకెట్, ఒక కూల్‌డ్రింక్ తీసుకున్నా. కూల్‌డ్రింక్ సీసా మీద ఉన్న ధరకు రెండు రూపాయలు కలిపాడు. అదేంటంటే "కూలింగ్ చార్జీ అక్కా". ఎంఆర్‌పీకి మించి ఒక్క రూపాయి తీసుకున్నా తప్పే, ఫ్రిజ్‌లో పెట్టినా పెట్టకపోయినా, ఈ సంగతి అతనికీ తెలుసు. వాదించా. రెండు నిమిషాలు కరెంటు బిల్లు గురించి చెప్పి, సరే అని గల్లాలో వెతికి, రెండు రూపాయల చిల్లర లేదని నా చేతిలో రెండు చాక్లెట్లు పెట్టాడు. వాళ్ల నాన్న చెయ్యి చూసినట్టే అయింది. తిన్నాను కూడా, స్టారు మాత్రం కోసేశా.

మొదటి వారంలో నేనొక పొరపాటు చేశా. అమ్మ చీటీ రాసింది, చూస్తే ఉప్పు, పావుకిలో మినప్పప్పు, ఒక నిమ్మకాయ. అంతే. మర్నాడు ఇంగువ, రెండు అరటిపళ్లు. ఆ పైరోజు అగరుబత్తి. ఆఫీసు కాల్స్ మధ్యలో ఇలా తిరగలేక, పది నిమిషాల్లో తెచ్చిచ్చే యాప్‌లో నెలకు సరిపడా మొత్తం ఒకేసారి ఆర్డర్ పెట్టేశా. నిజంగానే 11 నిమిషాల్లో వచ్చింది, ధర కూడా తక్కువే. సంచులు వంటింట్లో సర్దుతుంటే అమ్మ వాకర్ పట్టుకుని గుమ్మంలో నిలబడి చూసింది. "ఇవన్నీ ఇప్పుడే తెస్తే, కాలు నయమయ్యాక రోజూ ఏం పని మీద వెళ్లాలే నేను?" అంది.

షాపు బయట గోడకు ఆనించి ఒక సిమెంటు బల్ల ఉంది. పొద్దున పది గంటలకు వెళ్తే అక్కడ కొబ్బరిచెట్టు ఆంటీ, కుక్క గేటు అంకుల్, రెండో వీధి రిటైర్డ్ మాస్టారు, చేతుల్లో ఒకటో రెండో వస్తువులున్న సంచులు. మా పెద్ద సేటు కూడా ఇప్పుడు ఆ బల్ల మీదే, గల్లా లోపల కాదు. నన్ను చూసి గుర్తుపట్టలేదు. కొడుకు వంగి చెవి దగ్గర "నీలం గేటు అక్క నాన్నా" అన్నాడు. ఆయన తలెత్తి "నూనె సీసా జాగ్రత్త" అన్నాడు.

ఆ నీలం గేటు ఎప్పుడో లేదు. 2012లో ఇల్లు డెవలప్‌మెంట్‌కు ఇచ్చేశారు నాన్న. అయిదంతస్తులు లేచాయి, మాకు రెండు ఫ్లాట్లు వచ్చాయి, గేటు పాత ఇనుము వాడు తూకానికి పట్టుకెళ్లాడు. ఇప్పుడున్నది నల్ల స్లైడింగ్ గేటు, వాచ్‌మన్, సీసీ కెమెరా. నాన్న కూడా ఆ ఇంట్లో ఎక్కువ రోజులు లేరు, 2014లో పోయారు. ఎదురింటి కొబ్బరిచెట్టు కూడా కొట్టేశారు, పార్కింగ్ కోసం.

బయల్దేరే ముందురోజు లెక్క తేల్చుకుందామని వెళ్లా. పొడుగు పుస్తకం లేదు, ఫోన్లో ఖాతా యాప్. పైకీ కిందికీ జరుపుతూ ఆగాడు, స్క్రీన్ నావైపు తిప్పాడు. అమ్మ పేరు లేదు, ఫ్లాట్ నంబరు లేదు. 'నీలం గేటు', దాని ఎదురుగా ఎర్ర అంకెల్లో 2,315. స్కాన్ చేసి మొత్తం కట్టేశా, పెట్టె అరిచింది, ఇంటికొచ్చేసరికి అమ్మ ఫోనుకు మెసేజ్ వచ్చి ఉంది: ప్రియమైన నీలం గేటు, మీరు చెల్లించిన రూ. 2,315 అందింది, మీ బాకీ రూ. 0.

అమ్మ కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివింది. "మొత్తం కట్టేశావా? ఖాతా అట్లా సున్నా చేస్తారా ఎవరైనా? పో, ఒక అగ్గిపెట్టె రాయించుకుని రా."

వెళ్లి తెచ్చా. రెండు రూపాయలు, నీలం గేటు కింద.